ఇంజన్ వేడెక్కినా కారు హీటర్ చల్లగాలి కొడుతోంది: హీటర్ కోర్ మార్చక తప్పదా?

మిసిసిపీ_గట్టు (మినియాపొలిస్)

సభ్యులకు నమస్కారం. నాది 2011 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ సెడాన్. మరొకరు వాడిన బండిని నిరుడు కొన్నాను. నిరుటి చలికాలమంతా హీటర్ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈ డిసెంబరు నుంచి మాత్రం సిగ్నల్ దగ్గర బండి ఆగగానే గాలి చల్లబడిపోతోంది, హైవే ఎక్కి వేగం అందుకున్నాక మళ్లీ గోరువెచ్చగా వస్తోంది. బ్లోయర్ అన్ని వేగాల్లోనూ తిరుగుతోంది. టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే మధ్యలో నిలబడుతోంది. చెక్ ఇంజన్ దీపం వెలగలేదు.

దగ్గరలోని ఒక వర్క్‌షాపులో చూపిస్తే హీటర్ కోర్ చెడిపోయిందని, దాన్ని మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలని, వెయ్యి డాలర్లకు పైనే అవుతుందని చెప్పారు. ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారని అడిగితే సరైన జవాబు రాలేదు. ఇక్కడ ఉదయం పూట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ ఉంటోంది, వెనక సీట్లో మూడేళ్ల పాప ఉంటుంది, పైగా ముందు అద్దానికి పట్టిన మంచు కరగక దారి సరిగా కనిపించడం లేదు. అంత ఖర్చు పెట్టే ముందు నేను స్వయంగా ఏమేం చూసుకోవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరా?

పాత_స్పానర్ (డెట్రాయిట్)

మీరు రాసిన వాటిలో ఒక్క లక్షణం చాలా విలువైనది: బండి నిలిచినప్పుడు చల్లగాలి, పరుగెత్తినప్పుడు వెచ్చటి గాలి. దాని సంగతి చెప్పే ముందు హీటర్ పనితీరు గురించి నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఏ వర్క్‌షాపులోనైనా మీరు ధైర్యంగా ప్రశ్న అడగగలరు.

పెట్రోల్ కారులో హీటర్ తనంతట తాను వేడిని పుట్టించదు, ఇంజన్ వేడినే వాడుకుంటుంది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని కూలెంట్ అంటారు. ఇంజన్‌లో తిరిగి దాదాపు 90 డిగ్రీలకు చేరిన కూలెంట్‌లో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల గుండా ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ మనం కూర్చునే భాగానికీ మధ్య ఉండే అడ్డుగోడ) దాటి, డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్‌లోకి వెళ్లి, తిరిగి ఇంజన్‌కు వస్తుంది. హీటర్ కోర్ అంటే ఒక చిన్న రేడియేటర్ మాత్రమే. బ్లోయర్ తోసే గాలి దాని రెక్కల మధ్య నుంచి వెళ్లి వేడెక్కుతుంది. ఎంత గాలి కోర్ మీదుగా పోవాలో, ఎంత పక్కనుంచి పోవాలో బ్లెండ్ డోర్ అనే తలుపు నిర్ణయిస్తుంది, దాన్ని యాక్చువేటర్ అనే చిన్న మోటారు తిప్పుతుంది. అందుచేత బ్లోయర్ బాగా తిరుగుతూ కూడా చల్లగాలి వస్తోందంటే కారణాలు నాలుగు రకాలే: ఇంజన్ తగినంత వేడెక్కకపోవడం, వేడెక్కిన కూలెంట్ కోర్ వరకు చేరకపోవడం, చేరినా కోర్ లోపల సరిగా పారకపోవడం, అంతా బాగానే పారినా గాలి కోర్‌ను తాకకుండా పక్కదారి పట్టడం.

మీ బండిలో వాటర్ పంపు ఇంజన్‌తో పాటే తిరిగే రకమై ఉంటుంది కాబట్టి ఇంజన్ నెమ్మదిగా తిరిగితే పంపు కూడా నెమ్మదిస్తుంది. కూలెంట్ తగ్గిన బండిలో గాలి బుడగ ఎత్తుగా ఉన్న చోట చేరుతుంది, చాలా బండ్లలో ఆ చోటు హీటర్ కోర్ దగ్గరే ఉంటుంది. ఐడిల్‌లో, అంటే బండి నిలిచి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, పంపు ఆ గాలిని నెట్టలేదు, వేగం పెరిగినప్పుడు నెట్టగలుగుతుంది. అందువల్ల నా మొదటి అనుమానం కోర్ మీద కాదు, కూలెంట్ తగ్గడం మీద.

రేపు ఉదయం, రాత్రంతా నిలిపి ఉంచిన బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ నిల్వ ట్యాంకులో మట్టం చూసి సరిపెట్టుకోకండి. మూత పాడైనా, ట్యాంకు గొట్టం చిట్లినా, ట్యాంకులో నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ వెలితిగా ఉండవచ్చు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూత ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

బో_నది (కాల్గరీ)

పాత_స్పానర్ గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి జోడిస్తాను. మా బండిలో ఇలాగే చల్లగాలి వస్తే బ్లెండ్ డోర్ యాక్చువేటర్ లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయాయని తేలింది. బండి స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక టక్ టక్ మని చప్పుడు వచ్చేది, డ్రైవర్ వైపు వెచ్చగా, పక్క సీటు వైపు చల్లగా వచ్చేది. మీకు అలాంటి చప్పుడు ఏమైనా వినిపిస్తోందా?

పాత_స్పానర్ (డెట్రాయిట్)

మంచి ప్రశ్న. అయితే యాక్చువేటర్ చెడితే గాలి వేడి ఇంజన్ వేగాన్ని బట్టి మారదు. ఐడిల్‌లో చల్లగా, హైవేలో వెచ్చగా రావడం కూలెంట్ ప్రవాహానికి సంబంధించిన లక్షణం. రెండు వైపులా వేరువేరు ఉష్ణోగ్రత రావడానికి కూడా యాక్చువేటర్ ఒక్కటే కారణం కానక్కరలేదు, కోర్ సగం పూడుకుపోయినా కొన్ని బండ్లలో అలాగే వస్తుంది. అనుమానం తీరాలంటే ఫైర్‌వాల్ దగ్గర ఉన్న రెండు గొట్టాలనూ పరీక్షించాలి. వైద్యుడు నాడి పట్టి చూడటం లాంటిది ఈ పరీక్ష. దీన్ని చేయకుండా ఏ భాగమూ మార్చకూడదన్నది నా నియమం.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, హీటర్ అత్యధిక వేడిలో ఉంచి, తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా చేయి పెట్టి రెండు గొట్టాలనూ తాకి చూడాలి. దూరం నుంచి ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే తప్పు బ్లెండ్ డోర్‌ది. లోపలికి వెళ్లే గొట్టం కాలుతూ, బయటికి వచ్చేది చల్లగానో గోరువెచ్చగానో ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా అందులో గాలి చిక్కుకుంది, లేదా హీటర్ వాల్వు ఉన్న బండ్లలో ఆ వాల్వు తెరుచుకోవడం లేదు. రెండూ గోరువెచ్చగానే ఉంటే ఇంజన్ వేడెక్కడం లేదు, అంటే కూలెంట్ వేడిని అదుపు చేసే వాల్వు అయిన థర్మోస్టాట్‌ను చూడాలి.

ఉత్తరాంధ్ర_రోడ్లు (విశాఖపట్నం)

థర్మోస్టాట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మా ప్రాంతపు సమస్య ఒకటి ఇక్కడ పెడుతున్నాను. విశాఖలో హీటర్‌తో పని పడదు, కానీ చలికాలంలో లంబసింగికో అరకుకో తెల్లవారుజామున ఘాట్ ఎక్కితే అద్దాల నిండా పొగ పడుతుంది, అప్పుడు హీటర్ వేస్తే చల్లగాలి తప్ప ఏమీ రాదు. మా బండి టెంపరేచర్ ముల్లు ఆ ఘాట్‌లో దిగువ గీతను దాటి పైకి రావడమే లేదు. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కుతోందని ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసేసి నేరుగా బిగించాడు. మా ఎండలకు అది అవసరం లేదని ఇక్కడ చాలామంది మెకానిక్కులు గట్టిగా నమ్ముతారు. దీనికీ హీటర్‌కీ సంబంధం ఉందా?

పాత_స్పానర్ (డెట్రాయిట్)

సూటి సంబంధం ఉంది, ఈ అలవాటు మానాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. థర్మోస్టాట్ లోపల మైనం గుళిక ఉంటుంది. కూలెంట్ చల్లగా ఉన్నంతసేపు వాల్వు మూసుకుని, కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఇంజన్‌లోనే తిప్పుతుంది. బండిని బట్టి 82 నుంచి 92 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. దాన్ని పీకేస్తే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్ గుండా పారుతుంది, చలిగాలి తగిలే ఘాట్‌లో ఇంజన్ ఎప్పటికీ వేడెక్కదు. హీటర్ రాకపోవడం అందులో చిన్న నష్టం. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువగా పంపుతూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోదు. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కిందంటే రేడియేటర్ పూడుకుపోవడమో, ఫ్యాను సరిగా తిరగకపోవడమో, మూత ఒత్తిడి నిలపకపోవడమో అసలు కారణం అయి ఉంటుంది, దాన్ని వెతకాలి.

థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఓబీడీ-2 సాకెట్ (బండి కంప్యూటర్ సమాచారాన్ని చదివేందుకు రీడర్ తగిలించే చోటు) ఉంటుంది కాబట్టి చవకైన రీడర్‌తో కూలెంట్ ఉష్ణోగ్రతను అంకెల్లో చూడవచ్చు. పీ0128 అనే కోడ్ వచ్చిందంటే ఇంజన్ తగినంత వేడికి చేరడం లేదని కంప్యూటర్ చెబుతున్నట్టు. మిసిసిపీ_గట్టు గారూ, మీరు కూడా ఆ అంకె చూడండి. ఈనాటి బండ్లలో చాలావాటికి ముల్లు విస్తారమైన పరిధిలో మధ్యలోనే కదలకుండా నిలబడేలా తయారు చేస్తారు, దాన్ని పూర్తిగా నమ్మలేం.

మిసిసిపీ_గట్టు (మినియాపొలిస్)

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే ఉదయం గ్యారేజీలో రేడియేటర్ మూత తీసి చూశాను. లోపలి గొట్టాల పైభాగం పొడిగా బయటికి కనిపిస్తోంది, కూలెంట్ చాలా కిందికి ఉంది. ప్లాస్టిక్ ట్యాంకులో మాత్రం మట్టం కనీస గీతకు పైనే ఉంది. మూత రబ్బరు గట్టిపడి అంచున చీలి ఉంది. ఓబీడీ రీడర్‌లో ఉష్ణోగ్రత 89 వరకు వచ్చి నిలుస్తోంది. డ్యాష్‌బోర్డు వెనక ఏ చప్పుడూ లేదు. పక్క సీటు కింద తివాచీ ఒత్తి చూశాను, పొడిగానే ఉంది, తీపి వాసన కూడా లేదు. ఇప్పుడు నేరుగా కూలెంట్ పోసేయవచ్చా?

పాత_స్పానర్ (డెట్రాయిట్)

తివాచీ చూడటం చాలా మంచి పని. హీటర్ కోర్ కారితే పక్క సీటు కింద తడి, లోపల తియ్యటి వాసన, అద్దానికి జిడ్డు పొర కనిపిస్తాయి. మీకు అవేవీ లేవు, ఉష్ణోగ్రత 89 కాబట్టి థర్మోస్టాట్‌ను కూడా పక్కన పెట్టవచ్చు.

కూలెంట్ పోసి ఊరుకుంటే చాలదు, అది ఎటు పోయిందో తెలుసుకోవాలి. మూసిన వ్యవస్థలో అంత కూలెంట్ ఊరికే తగ్గదు. పార్ట్స్ దుకాణాలు చాలావరకు డిపాజిట్ కట్టించుకుని ప్రెషర్ టెస్టర్‌ను అరువిస్తాయి. వ్యవస్థను నింపి, ఇంజన్ చల్లగా ఉండగా దాన్ని మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే, అంతకు మించకుండా, పంపు కొట్టి పావుగంట ఆగండి. ముల్లు పడిపోతే ఎక్కడో కారుతోంది. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, గొట్టాల క్లాంపులు, రేడియేటర్ అల్యూమినియం భాగం దానికే అతికి ఉండే పక్క ప్లాస్టిక్ ట్యాంకుతో (నిల్వ ట్యాంకు కాదు) కలిసే అంచు, ఈ మూడూ టార్చి వేసి చూడండి. ఎండిన కూలెంట్ తెల్లటి లేదా రంగు పొక్కుగా ఆ చోటును పట్టిస్తుంది.

కూలెంట్ రంగు చూసి కొనకండి. పచ్చ, నారింజ, గులాబీ రంగులకు అన్ని కంపెనీలూ ఒకే అర్థం ఇవ్వవు. మీ బండి పుస్తకంలో ఏ ప్రమాణం రాసి ఉందో దానికి సరిపోయేదే తీసుకోండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు, మీ ఊరి చలికి సాధారణంగా అది చాలు.

అనంత_యాత్రిక (డాలస్)

లీకును మూసే మందు సీసా ఒకటి రేడియేటర్‌లో పోస్తే ఈ శ్రమంతా తప్పుతుంది కదండీ? మా వారు ఒకసారి పోశారు, కారడం ఆగింది.

పాత_స్పానర్ (డెట్రాయిట్)

అనంత_యాత్రిక గారూ, ఊరికి దూరంగా చిక్కుకున్నప్పుడు అది మిమ్మల్ని ఇంటికి చేర్చవచ్చు, కాదనను. కానీ ఆ మందులోని నలుసులు చిల్లు ఏదో, సన్నటి దారి ఏదో తేడా తెలుసుకోలేవు. వ్యవస్థ మొత్తంలో హీటర్ కోర్ గొట్టాలు చాలా సన్నవి, ప్రవాహం నెమ్మదిగా ఉండేదీ అక్కడే, కాబట్టి మందు అక్కడ పేరుకుంటుంది. ఒక రేడియేటర్ అంచు కారినందుకు డ్యాష్‌బోర్డు విప్పవలసి వచ్చిన బండ్లను నేను చూశాను.

మిసిసిపీ_గట్టు (మినియాపొలిస్)

శనివారం పని పూర్తిగా చేశాను, వివరంగా రాస్తాను. ప్రెషర్ టెస్టర్ బిగించాక ముల్లు మెల్లగా దిగింది. రేడియేటర్ ఎడమ వైపు ప్లాస్టిక్ ట్యాంకు అంచున, పైగొట్టం కలిసే చోటుకు కొంచెం కింద, పెళుసుగా రాలిపోయే పచ్చటి పొక్కు కట్టి ఉంది. దాన్ని గోటితో గీరి మళ్లీ పంపు కొడితే సన్నటి చెమట లాగా కూలెంట్ ఊరింది. రేడియేటర్, మూత రెండూ కొత్తవి బిగించాను.

ఆ తర్వాత హీటర్ మెరుగైంది కానీ పూర్తిగా కుదురుకోలేదు. ఐడిల్‌లో మునుపటిలా మంచుగాలి రావడం లేదు, కానీ ఎంతసేపైనా గోరువెచ్చగానే ఉంటోంది. గొట్టాలు పరీక్షించాను. లోపలికి వెళ్లేది 84 డిగ్రీలు, బయటికి వచ్చేది 41 చూపిస్తోంది. పాత రేడియేటర్‌ను వంచినప్పుడు అడుగున గోధుమరంగు బురద, అందులో మెరిసే సన్నటి నలుసులు కనిపించాయి. అమ్మినవారు ఇదివరకే లీకు మందు పోసి ఉంటారా? అలాగైతే వర్క్‌షాపు వారన్నట్టు కోర్ మార్చవలసిందేనా?

పాత_స్పానర్ (డెట్రాయిట్)

మెరిసే నలుసులంటే మందు పోసి ఉండే అవకాశం బాగా ఉంది. అయినా కోర్ కారడం లేదు, పూడుకుందంతే. పూడుకున్న కోర్‌ను కడగవచ్చు. దానికి ముందు గాలి పూర్తిగా వెళ్లిందో లేదో తేల్చుకోండి, ఎందుకంటే చిక్కుకున్న గాలి కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. బండి ముందు భాగాన్ని ఎత్తులో నిలిపి, రేడియేటర్ నోట్లో గట్టిగా కూర్చునే గరాటు పెట్టి సగం నింపి, హీటర్‌ను అత్యధిక వేడిలో, బ్లోయర్‌ను తక్కువ వేగంలో ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకుని ఫ్యాను తిరిగి ఆగేంతవరకు ఇంజన్ నడపండి. బుడగలు రావడం పూర్తిగా ఆగాలి. ఆ పని చేసేటప్పుడు గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉంచండి, ఎంత చలి వేసినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

ఆ తర్వాత కూడా రెండు గొట్టాలకూ అంత తేడా ఉంటే వెనక్కి కడగాలి. ఇంజన్ చల్లారాక ఫైర్‌వాల్ దగ్గర రెండు గొట్టాలూ విప్పండి. ఏది లోపలికి వెళ్లేదో ముందే గుర్తు పెట్టుకోండి. పాత గొట్టం ఊడి రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. పొడవునా చీల్చి తీసేసి కొత్త గొట్టం వేయడం చవక, కోర్ పైపు వంగితే అసలుకే మోసం. కూలెంట్ బయటికి వచ్చే పైపు వైపు నుంచి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా, తోట గొట్టంతో సన్నటి ధార పెట్టండి. ఒత్తిడి పెంచితే కోర్ అతుకులు తెగుతాయి. అవతలి పైపుకు పారదర్శకమైన గొట్టం తగిలించి బకెట్‌లోకి వదిలితే ఏమి వస్తోందో కళ్లారా చూడవచ్చు. నీళ్లు తేటబడ్డాక దిశ మార్చి, మళ్లీ మొదటి దిశలో కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్ పంపండి. మీ ఊరి చలికి కోర్‌లో ఉత్త నీళ్లు మిగలకూడదు. నోటితోనే కొత్త గొట్టంలోంచి ఊది బయటికి నెట్టేయండి. లోపల కొంత నీరు ఎలాగూ ఉండిపోతుంది కాబట్టి, నింపేటప్పుడు మొదట నీళ్లు కలపని కూలెంట్ పోసి, చివర రిఫ్రాక్టోమీటర్ అనే కూలెంట్ గాఢత కొలిచే పనిముట్టుతో పాళ్లు సరిచూసుకోండి.

బకెట్‌లో పట్టిన దాన్ని కాలువలో పోయకండి. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, మీ ఇంట్లో చిన్నపాప ఉంది. మూత బిగించిన డబ్బాలో పోసి కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

ఉత్తరాంధ్ర_రోడ్లు (విశాఖపట్నం)

నా సంగతి కూడా చెప్పేస్తాను. కంపెనీ థర్మోస్టాట్ తెప్పించి అదే మెకానిక్ చేత బిగించించాను. కాస్త వాదించాడు కానీ బిగించాడు. రేడియేటర్‌లో ఇన్నాళ్లూ ఉన్నది బోరు నీళ్లని అప్పుడు తెలిసింది. అవి తీయించి, కడిగించి, కూలెంట్ పోయించాను. నిన్న పాడేరు ఘాట్‌లో ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది, హీటర్ వేడిగా వచ్చింది, అద్దం శుభ్రపడింది. అసలు ఎండాకాలపు వేడికి కారణం రేడియేటర్ ఫ్యాను రిలే అని కూడా ఆ రోజే తేలింది.

మిసిసిపీ_గట్టు (మినియాపొలిస్)

గాలి తీసినా తేడా తగ్గలేదు కాబట్టి నిన్న వెనక్కి కడిగాను. మొదట ధార దాదాపు రాలేదు, తర్వాత ఒక్క ఊపున కాఫీ రంగు నీళ్లు, ఇసుక లాంటి గసి, మధ్యమధ్య మెరిసే పొడి వచ్చాయి. తేటబడటానికి చాలాసేపు పట్టింది. మీరు చెప్పిన వరుసలోనే నింపి గాలి తీశాక ఈ ఉదయం ఐడిల్‌లో రెండు గొట్టాలూ చూశాను: 86, 74. డ్యాష్‌బోర్డు రంధ్రం దగ్గర వంట థర్మామీటర్ పెడితే 58 డిగ్రీలు చూపింది. సిగ్నల్ దగ్గర ఆగినా వేడి తగ్గడం లేదు, అద్దం మీద మంచు దానంతట అదే కరిగి జారిపోతోంది. ఇకమీద ఏమైనా గమనించాలా?

బో_నది (కాల్గరీ)

చాలా సంతోషం. మీ అంకెలు చూశాక మా బండి గొట్టాలను కూడా ఈ వారాంతంలో కొలవాలని నిర్ణయించుకున్నాను.

పాత_స్పానర్ (డెట్రాయిట్)

ఆ 12 డిగ్రీల తేడా ఆరోగ్యకరమైనదే, కోర్ గాలికి వేడిని ఇస్తోంది కాబట్టి అంతమాత్రం తగ్గడం సహజం. మొదటి వారం రోజులు ప్రతి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మట్టం చూడండి. మిగిలిన చిన్న బుడగలు బయటపడే కొద్దీ కొంచెం తగ్గుతుంది, గీత వరకు పోయండి. ఆ తర్వాత నిలబడాలి. వ్యవస్థలో మిగిలిన మందు మళ్లీ కోర్‌కు చేరవచ్చు కాబట్టి ఆరు నెలలకు కూలెంట్ మార్చి, ఈ రెండు అంకెలనూ మళ్లీ కొలవండి.

బయట ఎక్కడా తడి లేకుండా మట్టం ఇంకా తగ్గుతూనే ఉంటే, లేదా గరాటులో బుడగలు ఎంతకీ ఆగకపోతే, హెడ్ గాస్కెట్‌ను, అంటే ఇంజన్ బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలును, అనుమానించాలి. దానికి నీలిరంగు ద్రవంతో చేసే బ్లాక్ టెస్ట్ ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా పీలిస్తే, అందులో దహన వాయువులు ఉన్నప్పుడు పెట్రోల్ బండికి అది పసుపు రంగుకు మారుతుంది. ఆ పనిముట్టు కూడా పార్ట్స్ దుకాణంలో అరువుకు దొరుకుతుంది. మట్టం నిలకడగా ఉన్నంతవరకు మీకు ఆ అవసరం రాదు.